తీసేస్తే తీసేశామని చెప్పాలి కదా

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్నెట్‌కు ప్రభుత్వం కళ్లెం వేయాలా వద్దా అని ఈమధ్య మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. వేయాల్సిందే అని కొందరు, అసలు ముట్టుకోకూడదని కొందరు. ఈ రెండింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగట్లేదనిపించి ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

నేను వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పిల్లల కోసం పాఠాలు పెట్టుకునే చిన్న సైటు ఒకటి మేమే చూసుకుంటాం. కొన్నాళ్ల కిందట అది ఉన్నట్టుండి కొందరికి తెరుచుకోవడం మానేసింది. సర్వర్ చూశాం, బాగానే ఉంది. డొమైన్ గడువు చూశాం, సర్టిఫికెట్ చూశాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక ఫోన్‌లో తెరుచుకుంటుంది, పక్కనే వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌లో తెరుచుకోదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక మాకు అర్థమైంది ఏమిటంటే, ఆ సైటు ఉన్న సర్వర్ చిరునామా మీదే ఇంకా చాలా సైట్లు ఉన్నాయి, వాటిలో ఏదో ఒకదాన్ని ఆపమని ఆర్డరు వచ్చినట్టుంది, ఆ నెట్ కంపెనీ ఆ ఒక్కదాన్నీ వెతికి ఆపే ఓపిక లేక మొత్తం చిరునామానే మూసేసింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మా వైపు ఏ సమస్యా లేదన్నారు, మెయిల్ పెడితే జవాబు లేదు, మూడు వారాల తర్వాత ఎంత చప్పుడు లేకుండా పోయిందో అంత చప్పుడు లేకుండా తిరిగొచ్చింది. ఈలోపు మాస్టారు నన్ను అడిగిన మాట ఒక్కటే: "నేనేం తప్పు రాశాను బాబూ?"

ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మూసింది ఎవరో, ఎందుకో, ఎన్నాళ్లకో చెప్పే కాగితం ముక్క కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది.

మా పనిలో ఒక చిన్న విషయం ఉంది, బయటివాళ్లకు పెద్దగా తెలీదు. పేజీ దొరక్కపోతే కంప్యూటర్ 404 అనే అంకె చూపిస్తుంది, అది మీరంతా చూసే ఉంటారు. 451 అని ఇంకో అంకె కూడా ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లు 2016 ఫిబ్రవరిలో దాన్ని అధికారికంగా ప్రకటించారు. ఈ పేజీ ఉంది, పోలేదు, చట్టపరమైన ఆదేశం వల్ల మీకు చూపించలేకపోతున్నాం అని దానర్థం. ఆ సందేశంతోపాటు ఎవరు అడిగితే ఆపారు, ఏ చట్టం కింద ఆపారు అన్న వివరం కూడా పెట్టమని ఆ ప్రమాణంలోనే రాశారు. అంటే చెప్పడానికి దారి పదేళ్లుగా సిద్ధంగా ఉంది. ఇన్నేళ్లలో నా పనిలో ఆ అంకె నాకు కనబడింది బహు తక్కువ. ఎక్కువసార్లు కనబడేది ఊరికే తిరుగుతూ ఉండే చక్రం, లేదా కనెక్షన్ కుదరలేదన్న మాట, దాంతో మనిషి తన ఫోనే పాడైందనుకుంటాడు.

ఎడిటర్ గారూ, ఇది మీ వృత్తిలోవాళ్లకు నాకన్నా బాగా తెలిసిన సంగతి. 1975లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల మీద సెన్సార్ విధించినప్పుడు, జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ తన సంపాదకీయం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేసి అచ్చు వేసింది. అక్షరం లేని ఆ చోటు చూసి పొద్దున్నే పేపరు తెరిచిన ప్రతి పాఠకుడికీ ఇక్కడ ఏదో ఉండాల్సింది, ఉండనివ్వలేదు అని తెలిసిపోయింది. అది ఎంత బలంగా తగిలిందంటే, ఇకమీదట సంపాదకీయాలు ఖాళీగా వదలొద్దనీ, వాటి బదులు మహానుభావుల సూక్తులు వేయొద్దనీ ప్రభుత్వం హెచ్చరించాల్సి వచ్చింది. మాటను ఆపడమే కాదు, ఆపిన గుర్తు కూడా కనబడకూడదని అప్పటి పాలకులకు అంత తొందరగా అర్థమైంది. ఇప్పుడు నెట్‌లో ఆ కష్టం కూడా లేదు, ఎందుకంటే ఖాళీ అన్నదే మిగలదు. వెతికితే వేరే వంద ఫలితాలు వస్తాయి, పోయినదాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, మనకు లోటే తెలీదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. మన ఐటీ చట్టంలో సెక్షన్ 69ఏ కింద కేంద్రం ఏ సైటునైనా, పోస్టునైనా, ఖాతానైనా ఆపమని ఆదేశించవచ్చు. దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతలు లాంటి కొన్ని కారణాలకే అది పరిమితం, కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది. నిలబెట్టడానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే, కారణాలు రాసి ఉంటాయి కాబట్టి నష్టపోయినవాళ్లు హైకోర్టుకు వెళ్లి రిట్ వేసుకోవచ్చు అని. చాలా సబబైన మాట. అయితే 2009లో ఈ సెక్షన్ కోసం చేసిన నియమాల్లో 16వది తీసి చూడండి, వచ్చిన ఫిర్యాదులూ వాటిమీద తీసుకున్న చర్యలూ అన్నీ కచ్చితంగా గోప్యంగా ఉంచాలి అంటుంది. ఆర్డరు మన చేతికి రాదు, కారణం మనకు తెలీదు, మరి కోర్టుకు ఏం పట్టుకెళ్లాలి? ఫలానా ఆర్డరు తప్పు అని వాదించాలంటే ముందు ఆ ఆర్డరు చదవాలి కదా. సమాచార హక్కు కింద అడిగినవాళ్లకు కూడా ఈ 16వ నియమాన్నే చూపించి కుదరదు పొమ్మన్నారు.

దీనికి ఒక ఉదాహరణ, మనందరికీ బాగా అర్థమయ్యేది. పెళ్లికొడుకు చదువు, ఉద్యోగం, జీతం నొక్కితే ఎంత కట్నం వస్తుందో లెక్కగట్టి చూపించే సైటు ఒకటి ఉండేది. వరకట్నాన్ని ఎగతాళి చేయడానికి పెట్టిన వ్యంగ్యం అది, చూసినవాళ్లకు ఆ సంగతి తెలిసిపోతుంది. 2018లో దాన్ని ఆపేశారు. పెట్టినతనికి ముందు నోటీసు లేదు, తర్వాత ఆర్డరు కాపీ లేదు. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి కొట్లాడితే 2022 మేలో కోర్టు ఆర్డరు కాపీ ఇవ్వండి, ఆయన వాదన వినండి అని చెప్పింది. గెలిచినట్టు కాదు, సైటు తెరవమన్నట్టూ కాదు, ఎందుకు మూశారో చెప్పమన్నారు, అంతే. ఆ ఒక్క కాగితం కోసం నాలుగేళ్లు. ఆయన కాబట్టి పట్టు వదల్లేదు, మా లెక్కల మాస్టారు వెళ్లగలరా?

ఎన్ని మూస్తున్నారంటే, 69ఏ కింద 2018లో 2,799 ఆపారని, 2020కి వచ్చేసరికి అది 9,849 అయిందని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. అంకెలు చెబుతారు, అవి ఏమిటో మాత్రం చెప్పరు. వాటిలో ఎక్కువ భాగం నిజంగా ఆపాల్సినవే కావచ్చు. అయ్యుండొచ్చని నమ్మడం తప్ప, అవునో కాదో తేల్చుకునే దారి మనకు లేదు.

ఇప్పుడు అటువైపు వాదన. నేను కళ్లు మూసుకుని స్వేచ్ఛ స్వేచ్ఛ అనే మనిషిని కాదు. పసిపిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వీడియోలు ఒక్క గంట కూడా నెట్‌లో ఉండకూడదు, వాటి విషయంలో నాకు రెండో మాట లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి అమాయకుల్ని కొట్టి చంపారు, అది మనం మరిచిపోకూడదు. ఆడపిల్లల ముఖాలు తెచ్చి వేరే ఒళ్లకు అతికిస్తున్నారు, ఆ బాధ పడిన కుటుంబానికి వెళ్లి భావప్రకటన స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇవ్వడం నా వల్ల కాదు. అధికారం ఉండాలి, వేగంగా వాడగలిగేలా కూడా ఉండాలి. అయితే వేగానికీ రహస్యానికీ ఏం సంబంధం? పోలీసులు అర్ధరాత్రి పట్టుకెళ్లినా ఎందుకు పట్టుకెళ్లారో చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అలా చెప్పాల్సి వచ్చినంత మాత్రాన పోలీసు వ్యవస్థ కూలిపోలేదు. పోస్టును ఈ క్షణం తీసేయండి, రేపటికల్లా పెట్టినతనికి కారణం పంపండి. పిల్లల వీడియోల్లాంటి వాటికి లింకు బయటపెట్టక్కర్లేదు, ఫలానా సెక్షన్ కింద తీశామని ఒక వాక్యం చాలు. పుకార్ల సంగతికొస్తే, ఆ 2018 ఘోరాల తర్వాత వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. ఎవరి నోరూ నొక్కకుండా చేసిన పని అది. ఇలాంటి ఆలోచనలు ఇంకా చాలా చేయొచ్చు, మూసేయడం సులభం కాబట్టి ఎవరూ అటు వెళ్లట్లేదు.

సులభం అన్నాను కాబట్టి కంపెనీల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సెన్సార్ అంటే మనకు అధికారి చేతిలో ఎర్ర పెన్సిలే గుర్తొస్తుంది గానీ ఇప్పుడు ఆ పని చాలావరకు కంపెనీలే చేసిపెడుతున్నాయి. జనం పెట్టినదానికి కంపెనీ బాధ్యురాలు కాదన్న రక్షణ ఐటీ చట్టం సెక్షన్ 79లో ఉంది. ప్రభుత్వం చెప్పాక కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుంది. ఇప్పుడు కంపెనీ లాయరు కుర్చీలో మీరే కూర్చోండి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పెట్టిన వీడియో అది, తీసేస్తే ఒక్క మనిషికి కోపం వస్తుంది, ఉంచితే కేసు. ఎందుకొచ్చిన గొడవ అని తీసేస్తారు, ఎవరైనా అంతే చేస్తారు. ఆ నోటీసు న్యాయమైనదో కాదో చదివి చూసే ఓపిక, అవసరం రెండూ వాళ్లకు లేవు. పైగా 69ఏలో ఉన్న కమిటీ, సమీక్ష లాంటి ఆ కాస్త రక్షణ కూడా లేకుండా, సెక్షన్ 79 కిందే సహయోగ్ అనే పోర్టల్ ద్వారా నేరుగా కంపెనీలకు నోటీసులు పంపుతున్నారు. దీన్ని ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ కర్ణాటక హైకోర్టులో సవాలు చేస్తే 2025 సెప్టెంబరులో పిటిషన్ కొట్టేశారు. కోర్టు తీర్పును గౌరవిస్తాను. అయినా నాకున్న దిగులు పోదు, ఎందుకంటే ఆ గొడవంతా ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య జరుగుతోంది, పోస్టు పెట్టిన మనిషి ఆ గదిలోనే లేడు.

యూరప్‌లో 2022లో తెచ్చిన డిజిటల్ సర్వీసెస్ చట్టంలో ఈ మనిషిని గదిలోకి తెచ్చారు. అధికారుల ఆర్డరు వల్ల తీసినా సరే, పోస్టు పెట్టినవాళ్లకు ఆ సంగతి, కారణం, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో చెప్పాలని అందులో ఉంది. వాళ్ల చట్టంలో వేరే లోపాలు ఉండొచ్చు, ఇది మాత్రం మంచి అలవాటు.

తన గురించి ఏది నిజమో ఏది అబద్ధమో తానే తేల్చాలని కూడా మన కేంద్రం ప్రయత్నించింది. 2023 ఏప్రిల్‌లో నియమాలు మార్చి, కేంద్ర ప్రభుత్వ పనుల మీద వచ్చే సమాచారంలో తప్పేదో ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ యూనిట్ చెప్పేలా పెట్టారు. బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో దాన్ని కొట్టేసింది. మంచి పని చేసింది. తగువులో ఉన్నవాడే తీర్పరి కాకూడదని చెప్పడానికి చట్టం చదవక్కర్లేదు.

కొట్టేసిన చట్టం కూడా చావదన్నది ఇంకో సంగతి. బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక అమ్మాయిని, దానికి లైక్ కొట్టినందుకు ఆమె స్నేహితురాలిని 2012లో అరెస్టు చేశారు, గుర్తుందా? ఆ గొడవతోనే, నెట్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పెడితే జైలుకు పంపే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ సుప్రీంకోర్టుకు వెళ్లింది. మన తెలుగువారైన జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ల ధర్మాసనం 2015లో దాన్ని పూర్తిగా కొట్టేసింది. అయినా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారు, చివరికి 2022 అక్టోబరులో లేని చట్టం కింద ఎవర్నీ విచారించకండి అని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చేతికిచ్చిన అధికారం తిరిగి తీసుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది, అందుకే ఇచ్చేటప్పుడే షరతులు గట్టిగా రాసుకోవాలంటాను.

సైటు ఒకటి కాదు, మొత్తం నెట్టే ఆపేస్తే? కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆపేసిన 4జీ తిరిగి 2021 ఫిబ్రవరిలో గానీ రాలేదు, ఏడాదిన్నర. మణిపూర్‌లో 2023 మేలో మొదలైంది నెలల తరబడి నడిచింది. 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో టీచర్ల అర్హత పరీక్ష రోజున కాపీయింగ్ ఆపడానికి చాలా జిల్లాల్లో మొబైల్ నెట్ తీసేశారు. పరీక్ష హాలులో చేయాల్సిన తనిఖీ చేయలేక, పరీక్షతో సంబంధం లేని లక్షలమంది పనులు ఆపేశారన్నమాట. డబ్బు పంపలేరు, టికెట్ తీయలేరు, డాక్టరుకు రిపోర్టు పంపలేరు. పుకార్లు ఆపడానికే అంటారు గానీ నెట్ లేకపోతే పుకారు ఆగదు, నోటి మాటగా ఇంకా వేగంగా పోతుంది, అది అబద్ధమని చెప్పే దారి ఒక్కటే మూసుకుపోతుంది. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనూరాధా భసీన్ కేసులో స్పష్టంగా చెప్పింది, నెట్ ఆపే ఆర్డర్లు జనానికి ప్రకటించాలి, గడువు లేకుండా ఆపడం కుదరదు అని. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో చెప్పిన సంగతి ఏమిటో తెలుసా, దేశంలో ఎన్నిసార్లు నెట్ ఆపారో కేంద్రం దగ్గర లెక్కే లేదని. ఆపేవాళ్లే లెక్క పెట్టుకోవట్లేదు!

మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఇదే వరస. వికీపీడియాలో కొన్ని వ్యాసాలు తీయమని టర్కీ ప్రభుత్వం అడిగింది, వాళ్లు తీయలేదు. ఇప్పుడు సైట్లు దాదాపు అన్నీ సమాచారాన్ని తాళం వేసి పంపుతాయి కాబట్టి మధ్యలో ఉన్నవాళ్లు ఒక పేజీని మాత్రమే పట్టుకుని ఆపలేరు, ఆపితే మొత్తం ఆపాలి. అందుకని 2017 ఏప్రిల్‌లో మొత్తం వికీపీడియానే మూసేశారు, దాదాపు మూడేళ్లు, వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం తప్పని చెప్పాక 2020 జనవరిలో తెరిచారు. రెండు మూడు పేజీల కోసం దేశంలో పిల్లలందరికీ విజ్ఞాన సర్వస్వం లేకుండా పోయింది. 2008లో పాకిస్తాన్ యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపబోయి, యూట్యూబ్‌కు వెళ్లే దారి మళ్లించే సమాచారం పొరపాటున దేశం బయటికి పాకడంతో ప్రపంచంలో చాలాచోట్ల రెండు గంటలపాటు యూట్యూబ్ ఆగిపోయింది. నేపాల్‌లో 2025 సెప్టెంబరు 4న రిజిస్టర్ చేసుకోలేదని 26 సోషల్ మీడియా సంస్థల్ని ఒక్కసారిగా ఆపేశారు, అప్పటికే అవినీతి మీద మండిపోతున్న కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చారు, 8వ తేదీ ఒక్కరోజే 19 మంది చనిపోయారు, ఆ రాత్రికి నిషేధం ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. ఆ పిల్లల ప్రాణాలు మాత్రం తిరిగి రావు.

జనం రాస్తే ఏమవుతుంది అంటారు కొందరు. 2015లో నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలని, టెలికాం కంపెనీల్ని నియంత్రించే ట్రాయ్‌కి మనవాళ్లు పది లక్షలకు పైగా మెయిళ్లు పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, సైటును బట్టి వేరే వేరే రేట్లు పెట్టకూడదని ఆదేశం ఇచ్చింది. అప్పుడు పంపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు ఆఫీసులో అందరం ఎంత సంతోషపడ్డామో ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి అడిగితే వింటారు, కనీసం కొన్నిసార్లు వింటారు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. 16వ నియమాన్ని తీసేయాలి, మూసే ప్రతి ఆర్డరూ ఎవరిది మూశారో వాళ్లకు అందాలి, జనం చూడగలిగే చోట ఉండాలి, నిజంగా దాచాల్సిన వాక్యం ఉంటే ఆ వాక్యం మీద నల్ల గీత గీసి మిగతాది పెట్టొచ్చు. తెరిచినప్పుడు చక్రం తిరగకుండా, ఫలానా ఆర్డరు నంబరు, ఫలానా తేదీ, ఫలానా చోట అప్పీలు అని పేజీ మీద కనబడాలి. పొరపాటున పక్కవాడి సైటు మూస్తే ఎవరికి చెప్పుకోవాలో, ఎన్ని గంటల్లో తెరుస్తారో రాసి ఉండాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. మీకు విలేకరులున్నారు, మా దగ్గర లేని పలుకుబడి ఉంది. నెలకోసారైనా మన రెండు రాష్ట్రాల్లో నెట్ ఎక్కడ ఆపారు, ఆర్డరు ప్రకటించారా, తెలుగులో ఏ ఛానెళ్లు, ఏ పేజీలు మూశారు అని సమాచార హక్కు కింద అడగండి. జవాబు వస్తే వేయండి. రాకపోతే, ఫలానా తేదీన అడిగాం, జవాబు లేదు అని రాసి, ఆ కింద చోటు ఖాళీగా వదిలేయండి.

ఇట్లు,
వెబ్‌సైట్లు నడిపే మీ పాఠకుడు